దుమ్ము లేచిన బోర్ల లెక్క

హైదరాబాదు దగ్గరి ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో బోరు వేయాలంటే ముందు పాయింట్ పెట్టించాలి. పాయింట్ పెట్టే మనిషి పొద్దున్నే వస్తాడు. చేను గట్టు మీద చెప్పులు విడుస్తాడు. పిలక ఉంచి పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని మెల్లగా నడుస్తాడు. ఎక్కడో ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ ఒక రాయి పాతి పసుపు కుంకుమ పెడతారు. కొందరు కొబ్బరికాయకు బదులు పంగ ఉన్న వేపపుల్ల పట్టుకుంటారు, కొందరు రాగి తీగలు. ఆ సాయంత్రానికో మరునాటికో బోరు బండి దిగుతుంది. చాలాసార్లు దాని మీద తమిళనాడులోని తిరుచెంగోడు చిరునామా ఉంటుంది. దేశంలో ఏ మూల భూమికి చిల్లు పడాలన్నా బండి ఆ ఊరి నుంచే రావాలేమో అనిపిస్తుంది. రాత్రంతా కంప్రెషర్ మోత. తెల్లారేసరికి నీళ్లు ఎగజిమ్ముతాయి, లేదంటే దుమ్ము లేస్తుంది.

నీళ్లు పడితే ఆ కబురు మూడు ఊళ్లకు పాకుతుంది. ఎన్ని ఇంచుల నీళ్లు, ఎన్ని అడుగులకు పడ్డాయి, పాయింట్ పెట్టిందెవరు, అన్నీ చెప్పుకుంటారు. దుమ్ము లేస్తే చెప్పుకోవడానికేముంది? కేసింగ్ పైపు కూడా ఖరీదే కాబట్టి దాన్ని పైకి లాగేసుకుంటారు. గుంత మీద ఒక బండ పడుతుంది. వచ్చే వానాకాలం దాని పక్క నుంచే ట్రాక్టర్ తిరుగుతుంది. మిగిలేది అప్పు. అప్పు సంగతి నలుగురిలో కూర్చుని గొప్పగా చెప్పుకునేవాడు ఎక్కడా ఉండడు. పదేళ్లు గడిచాక ఆ ఊళ్లో పాయింట్ పెట్టే మనిషి గురించి అడిగి చూడండి. ‘ఆయన చెయ్యి తప్పదు’ అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. వాళ్లకు గుర్తున్నంత వరకు నిజంగానే తప్పలేదు.

మనం తప్పుగా ఆలోచించడానికి తెలివి తక్కువ కావడం కారణమని నేను అనుకోను. మా ఊళ్లలో ఎకరం మీద పంటకు ఎంత పెట్టుబడి, ఎంత వడ్డీ, ఎంత మిగులు అనేది నోటిలెక్కతో చెప్పగలిగే మనుషులే కొబ్బరికాయను నమ్ముతారు. లెక్క చేయడం వాళ్లకు బాగా వచ్చు. లెక్కలోకి రావాల్సిన సగం అంకెలు మాత్రం భూమిలో కప్పబడిపోయి ఉంటాయి.

ఒక చిన్న ఊహ చేద్దాం. ఒక ఊళ్లో కళ్లు మూసుకుని ఎక్కడ పొడిచినా పదిలో ఆరుచోట్ల కొద్దో గొప్పో నీళ్లు పడతాయనుకుందాం. అప్పుడు కొబ్బరికాయ పట్టుకున్నవాడికీ పదిలో ఆరు పడతాయి, గుమ్మడికాయ పట్టుకున్నవాడికీ ఆరే. కాయ గొప్పతనం తేలాలంటే కాయ లేకుండా వేసిన బోర్లు కూడా కొన్ని ఉండాలి. కానీ కాయ లేకుండా బోరు వేసే సాహసం మా దగ్గర దాదాపు ఎవరూ చేయరు. కాబట్టి పోల్చి చూడటానికే వీలు లేదు. నమ్మకం నూరేళ్లు బతకడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉంటుందా?

జర్మనీలో ఆ వీలు కల్పించి చూశారు. 1987, 1988లలో మ్యూనిక్ దగ్గర ఒక రెండంతస్తుల కొట్టంలో పరీక్ష పెట్టారు. కింది అంతస్తులో నీళ్ల గొట్టాన్ని చక్రాల బండి మీద ఉంచి, వరుసలో అటూ ఇటూ జరిపేవారు. పై అంతస్తులో పుల్ల పట్టుకున్న మనిషి గొట్టం సరిగ్గా తన కాళ్ల కింద ఎక్కడుందో చెప్పాలి. ముందు దాదాపు 500 మందిని చూసి, వాళ్లలో గట్టివాళ్లని తోచిన 43 మందిని ఏరి, మొత్తం 843 సార్లు పరీక్షించారు. వారిలో కొద్దిమందికి నిజంగానే ఏదో శక్తి ఉందని నిర్వాహకులు తేల్చారు. తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అవే అంకెలు ముందేసుకుని కూర్చున్నాడు. అందరికంటే గొప్పవాడని పేరుపడ్డ మనిషి ఒక వరుస పరీక్షల్లో బాగా చెప్పి, ఇంకో వరుసలో గుడ్డిగా చెప్పాడు. అందరి అంకెలూ కలిపి చూస్తే అంతా గాలివాటమే. పది మీటర్ల వరుసలో ప్రతిసారీ ‘నట్టనడుమ ఉంది’ అని చెప్పి ఊరుకున్నా దాదాపు అంతే దగ్గరగా చెప్పినట్టయ్యేది. చదువుకున్న జర్మన్లు కూడా మా ఊరివాళ్లలాగే పడ్డ బోర్లను లెక్కపెట్టి, దుమ్ము లేచినవాటిని పక్కన పెట్టారన్నమాట. ఆ సంగతి తెలిశాక మా ఊరి మీద నాకు కాస్త గౌరవం పెరిగింది.

కాయ మరి ఎలా లేస్తుంది? పట్టుకున్నవాడు మోసగాడా? కానక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త తన చేతిలో వేలాడే లోలకం తాను కదపకుండానే ఊగడం చూసి, కళ్లకు గంతలు కట్టుకుని మళ్లీ పట్టుకున్నాడు. అది ఊగడం ఆగిపోయింది. మనసు ఎదురుచూస్తున్న వైపుకు చేతి కండరాలు మనకే తెలియనంత కొంచెం కదులుతాయి. అరచేతిలో అంచు మీద నిలిచిన కాయకు ఆ కొంచెం చాలు. పాయింట్ పెట్టే మనిషి కాయ తనంతట తనే లేచిందని ప్రమాణం చేస్తే, నా మట్టుకు నేను ఆ ప్రమాణాన్ని నమ్ముతాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆయన కాయను మాత్రమే చూడడు. పల్లం ఎటుంది, మొరం నేల ఎక్కడుంది, నేరేడు చెట్టు ఏ గట్టున పచ్చగా ఉంది, పుట్ట ఎక్కడ లేచింది అన్నీ చూస్తాడు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలం కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. అందులో నిండా చెట్లూ పుట్టలే. నీటి దాపున పెరిగే చెట్లు ఉన్నాయన్నది ఇవాళ్టి శాస్త్రమూ కాదనదు. అంటే ఆ మనిషి దగ్గర తరాల నాటి చూపు ఒకటి ఉంది. ఆ చూపు సంపాదించిన పేరంతా కొబ్బరికాయ ఖాతాలో పడుతోంది. నాకు బాధ కలిగించేది ఇదే. ఆయన కాయను ఇంట్లో వదిలేసి చెట్ల గురించి పిల్లలకు పాఠం చెబితే వినడానికి నేనూ ముందు వరసలో కూర్చుంటాను.

ఇక బోరు బండి పని మొదలయ్యాక ఇంకో రకం తర్కం మొదలవుతుంది. 400 అడుగులు పోయినా దుమ్మే. ఆపేద్దామా? ‘ఇంత పోయినంక ఇంకో వంద పోదాం’ అంటారు. లోతుకెళ్లే కొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. అయినా పోయిన డబ్బు మీద మమకారంతో ఇంకా డబ్బు పోస్తారు. మా పొరుగు మండలం మహేశ్వరంలో దీనికి జవాబు ఉంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి 1999లో ఒక భూగర్భజల కేంద్రాన్ని మొదలుపెట్టింది. ఆ కేంద్రం మహేశ్వరంలో 53 చదరపు కిలోమీటర్ల నేలను ఏళ్ల తరబడి కొలిచింది. వాళ్లకు తేలింది ఏమంటే, మా నల్లరాతి నేలలో నీళ్లు చాలావరకు పైనున్న మెత్తబడిన రాతిలో, దాని అడుగున పగుళ్లిచ్చిన పొరలో ఉంటాయి. ఆ కొన్ని పదుల మీటర్లు దాటి కిందికి పోయే కొద్దీ పగుళ్లు అరుదైపోతాయి. లోతుకు పోతే గంగ తగులుతుందన్నది గోదావరి ఒండ్రు నేలలో చెల్లుతుందేమో గానీ మా బండరాయి మీద చెల్లదు. మహేశ్వరం మాకు కూతవేటు దూరం. ఆ సంగతి మాత్రం మా గట్ల దాకా ఇంకా నడిచి రాలేదు.

తర్కం మనకు దొరల చదువుతో వచ్చిందేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు అనే తెలుగు పండితుడు, కొత్తగా తర్కం నేర్చుకునే పిల్లల కోసం సంస్కృతంలో ‘తర్కసంగ్రహం’ అనే చిన్న పుస్తకం రాశాడు. దేశంలో ఎక్కడ తర్కం మొదలుపెట్టినా ఇప్పటికీ ముందు చేతికిచ్చే పుస్తకాల్లో అది ఒకటి. అందులో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పు ఉంది. ఎలా తెలుసు? వంటింట్లో చూశాం గనక. పొగ ఉన్నప్పుడల్లా నిప్పు ఉంది. చాలామందికి గుర్తుండేది ఇంతవరకే. ఆ పుస్తకం వంటింటితో ఆగదు, చెరువు వైపు కూడా చూడమంటుంది. చెరువులో నిప్పు లేదు, మరి అక్కడ పొగ ఉందా? లేదు. అప్పుడే పొగకూ నిప్పుకూ ముడి గట్టిపడుతుంది. నిప్పు లేనిచోట కూడా పొగ కనిపిస్తే వాదం అక్కడే కుప్పకూలుతుంది. అదే వాదాన్ని తిరగేసి, నిప్పు ఉంది గనక పొగ ఉందంటే కుదరదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ రాదు. నిప్పుకు తడికట్టె తోడైతేనే పొగ.

ఇబ్రహీంపట్నంవాడిని కాబట్టి నాకు ఆ చెరువు ఉదాహరణ మీద మమకారం ఎక్కువ. మనం రోజూ చేసే పొరపాట్లలో చాలావాటిని ఈ ఒక్కమాటతో చెప్పొచ్చు. వంటింట్లోకి తొంగిచూసి వచ్చేస్తాం, చెరువు దాకా నడవం.

మా ఊరి మీదుగా నాగార్జునసాగర్ వెళ్లే సాగర్ రోడ్డు మీద పోతే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ దారి పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలే. ప్రతి మలుపులో హోర్డింగు, దాని నిండా నవ్వే పిల్లల ఫొటోలు, పక్కన జీతాల అంకెలు. ఆ యాభై ముఖాలు నిజమే కావచ్చు. వాళ్లతో పాటు చేరిన మిగతా వందల మంది ముఖాలకు హోర్డింగు ఎవరు కడతారు? ప్లాట్ల సంగతీ అంతే. ఆదిబట్లకు టీసీఎస్ వచ్చింది, విమానాల విడిభాగాల కంపెనీలు వచ్చాయి, కొంగరకలాన్‌లో కలెక్టరేట్ కట్టారు, 2023లో ఫాక్స్‌కాన్‌కు భూమిపూజ జరిగింది. అవన్నీ నిజాలే. అక్కడ ముందే కొన్నవాళ్లు బాగుపడ్డారన్నదీ నిజమే. బ్రోచర్ పట్టుకున్న కుర్రాడు వాటిని చూపించి, అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో కందిచేనులో పాతిన రాళ్లను అమ్ముతాడు. వచ్చిన కంపెనీల పేర్లన్నీ వాడికి కంఠస్థం. వస్తుందని చెప్పి రానివాటి పేర్లు అడిగితే మాత్రం మజ్జిగ తెప్పిస్తానంటాడు.

పాతకాలంలో గ్రీకు దేశంలో డయాగొరస్ అని ఒక నాస్తికుడుండేవాడు. తుఫానులో దేవుడికి మొక్కుకుని ప్రాణాలతో బయటపడ్డవాళ్ల బొమ్మలను గుళ్లో ఎవరో ఆయనకు చూపించారట. మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడున్నాయని ఆయన అడిగాడట. ఈ కథను సిసిరో రాసిపెట్టాడు. 1620లో ఫ్రాన్సిస్ బేకన్ కూడా దీన్ని తలుచుకున్నాడు. సాగర్ రోడ్డు హోర్డింగుల కింద నిలబడి అడగడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తట్టలేదు.

మా పెద్ద చెరువు విషయానికి వస్తాను. గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది, రమారమి 1300 ఎకరాలంటారు. ఊరికి పేరిచ్చింది ఆయనే. నిజాం కాలంలో తవ్విన ఫిరంగి నాలా ఎక్కడో షాబాద్ వైపు నుంచి దీనికి నీళ్లు తెచ్చేది. ఆ తర్వాత దశాబ్దాల పాటు చెరువు ఎండిపోయింది. నా ఈడువాళ్లకు చెరువంటే తుమ్మచెట్లు, క్రికెట్ ఆట. 2022లో అది నిండి అలుగు దుంకింది. జనం బండ్ల మీద, ఆటోల మీద చూడవచ్చారు. ఆ మరుసటి రోజు నుంచే నిండటానికి కారణాలు కూడా పొంగాయి. పూడికలు తీసి, కాలువలు బాగుచేయించినందుకు నిండిందని ఒక పార్టీవాళ్లు. కట్టమైసమ్మకు బోనం ఎత్తినందుకని ఆడవాళ్లు. మా తాతయితే రాజు ఎవడైనా వాన పడాలె గదా అన్నాడు.

మూడింట్లో ఏది నిజం? వంటిల్లు చూసి తేల్చలేం. ఆ ఏడు పూడిక తీయని చెరువులు నిండాయా? బోనం ఎత్తని ఊళ్ల చెరువులు నిండాయా? అంతకు ముందు ఏళ్లలో బోనం ఎత్తినా ఎందుకు నిండలేదు? వాన అంతే పడినా, కాలువ మీద వెంచర్లు లేచిన చెరువుల సంగతేమిటి? ఈ ప్రశ్నలు అడిగితే ఒక్కో కారణం బరువు ఎంతో కొంచెం కొంచెంగా తేలుతుంది. పూర్తిగా తేలకపోవచ్చు కూడా. నిప్పు ఒక్కటే చాలదు, తడికట్టె కావాలన్నట్టు, వాన ఒక్కటే చాలదు, దారి కూడా తెరుచుకుని ఉండాలి. అయితే పార్టీ మీటింగులో ఇలా మాట్లాడితే చప్పట్లు పడవు.

ఇంతదాకా చెప్పింది విని, అన్నీ లెక్కగడితే చాలు అనుకుంటే అదీ పొరపాటే. అదే 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో వాళ్లలో నలుగురు చనిపోయారు. మిగిలిన 30 మందిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించి కాపాడారు. ఇన్ఫెక్షన్ సోకిందని తర్వాత చెప్పారు. నలుగురూ చిన్న వయసువాళ్లు, చిన్న పిల్లల తల్లులు. ఆ రోజుల్లో నేను రెండు రకాల మాటలు విన్నాను. ఆ ఆపరేషనే ప్రాణాంతకం, ఎవరూ చేయించుకోకూడదు అన్నది ఒకటి. అది సరికాదని చెప్పడానికి ఏటా ఎన్ని లక్షల మంది క్షేమంగా ఇంటికి పోతున్నారో చూపించొచ్చు. రెండో మాట చదువుకున్నవాళ్లది. లక్షల్లో చేస్తుంటే ఒకటీ అరా పోవడం ఉంటుంది కదా అని. చూడటానికి ఇది లెక్క తెలిసినవాడి మాటలా ఉంటుంది. నాకైతే మొదటి మాటకంటే ఇదే ఎక్కువ తప్పనిపించింది. మొదటిది భయంలోంచి వచ్చింది. దీంట్లో భయం కూడా లేదు.

ఆపరేషన్ మంచిదా కాదా అనే ప్రశ్నకు లక్షల లెక్క పనికొస్తుంది. ఆ రోజు, ఆ గదిలో, ఆ పరికరాలతో ఏం జరిగిందనే ప్రశ్నకు ఆ లెక్క జవాబు కాదు. 34 మందిలో నలుగురు అన్నది లక్షల్లో కలిపి కరిగించే అంకె కాదు. అది ఏదో ఒక ప్రత్యేకమైన కారణం వైపు వేలెత్తి చూపే అంకె. ఒక ప్రశ్నకు సరైన జవాబును తెచ్చి ఇంకో ప్రశ్న నోరు మూయించడానికి వాడటం, బహుశా చదువుకున్నవాళ్లకు మాత్రమే చేతనైన పొరపాటు.

మా మేనమామ దగ్గర ఈ తర్కాలన్నీ నడవవు. ఆయన పొలంలో చాలా బోర్లే వేయించాడు. పోయిన ఎండాకాలం ఆయన ఇంటి ముందు వేపచెట్టు కింద కూర్చుని మ్యూనిక్ కథ చెప్పాను. ఓపికగా విన్నాడు.

“సరే బిడ్డా, నువ్వే పెట్టు పాయింటు” అన్నాడు.

యంత్రాలతో వచ్చే జియాలజిస్టును పిలిపిద్దామన్నాను.

“పిలిపించిన. ఆయన పెట్టినదాంట్ల గూడ దుమ్మే లేసింది. ఆయన పోతూ పోతూ ఛాన్సు అన్నడు. కాయ పట్టుకున్నోడు ఎన్నడన్న ఛాన్సు అన్నడా? లచ్చ రూపాయలు మిత్తికి తెచ్చి ఛాన్సు మీద ఎట్ల పెడుత?”

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆలోచిస్తే ఆయన కొనుక్కుంటున్నది నీళ్లను కాదేమో. ఇంత పెద్ద చేనులో ఇక్కడే ఎందుకు, అక్కడెందుకు కాదు అనే బరువు ఒంటరిగా మోయలేక, దాన్ని ఇంకొకరి అరచేతిలో పెడుతున్నాడు. బోరు ఫెయిలైతే తన తెలివి ఫెయిల్ కాలేదు, తన నసీబు ఫెయిలైంది. ఐదొందలో వెయ్యో ఇచ్చి ఆ ఊరట కొనుక్కోవడం మరీ బుద్ధిలేని బేరమేమీ కాదు. బేరంలో నష్టం ఇంకోచోట ఉంది. కాయ జవాబు చెప్పేసింది కాబట్టి వాననీళ్లు ఇంకడానికి గుంత తవ్వామా, పక్కవాడి బోరుకు మనది ఎంత దూరం అనే ప్రశ్నలు అడగడం మానేస్తాం. వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. బోరు వేసేముందు అనుమతి తీసుకోవాలి, బోరుకూ బోరుకూ మధ్య దూరం పాటించాలి. అది కాగితం మీద బాగానే ఉంది.

వాదన మానేసి, ఆయన బోర్లన్నీ ఒక నోట్‌బుక్కులో రాద్దామన్నాను. ఎండినవి, పడ్డవి, పూడినవి, ఏదీ వదలకుండా. పెద్దగా ఇష్టం లేకపోయినా సరేనన్నాడు. ఆయన కొడుకు స్కేలు తెచ్చి గడులు గీశాడు. ఏ ఏడు, ఎన్ని అడుగులు, పాయింట్ ఎవరిది, నీళ్లు పడ్డాయా లేదా. మొదటి రెండు బోర్లూ తేలిగ్గా రాసేశాం. మూడోదాని దగ్గర ఆగిపోయాం. అది వేసిన రోజు బాగా పోసింది, దసరా దాటాక ఆగిపోయింది.

“పడ్డయి అని రాయి” అన్నాడు మామ.

“అప్పు తీరకముందే ఎండింది గదా నాయినా. ఫెయిలని రాయాలె” అన్నాడు కొడుకు.

పడడమంటే ఏమిటో ముందే అనుకుని ఉంటే ఈ గొడవ ఉండేది కాదని, ఎన్ని నెలలు పోసిందో రాద్దామని నేను మధ్యలో దూరాను.

మామ కొంచెంసేపు నోట్‌బుక్కు వైపే చూశాడు. “నెలలు రాస్తే వానలు గూడ రాయాలె. ఆ ఏడు కాలమే కాలేదు. మల్ల ఆ యాసంగికే పక్కోడు నా బోరుకు యాభై గజాలల్ల ఇంకోటి ఏసిండు. అది ఏడ రాస్తవ్? జియాలజిస్టు పెట్టినదాని పక్కన గూడ ఎవడన్న ఏసిండేమో అడగాలె. నువ్వు గీసిన గడులు సాలవు, ఇంకో రెండు గియ్యి.”